అద్దె పెరిగింది, పేట మారిపోయింది: ఉండాలా, కదలాలా?

పేరు, వీధి రాయవద్దని కోరుతూ రాజమహేంద్రవరం నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. అందులోని విషయాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

గోదావరి గట్టుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పాత పేటలో, పెంకుటింటి ముందు వాటాలో ఆమె కుటుంబం 19 ఏళ్లుగా అద్దెకు ఉంటోంది. భర్త హోల్‌సేల్ బట్టల దుకాణంలో గుమాస్తా, జీతం 18,000 రూపాయలు. ఆమె వీధి అరుగు మీద కుట్టు మిషను వేసుకుని నెలకు 50 వరకు లైనింగ్ జాకెట్లు కుడతారు. కరోనాకు ముందు నుంచీ జాకెట్టుకు 200 రూపాయలే తీసుకుంటున్నారు. ఇంట్లో అత్తగారు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు ఉన్నారు. ఇంటి యజమానురాలిని ఆమె ‘పిన్నిగారు’ అని పిలిచేవారు. ఆవిడ అద్దె పెంచితే రెండు మూడేళ్లకోసారి మూడు వందలో, ఐదు వందలో పెంచేవారు. ఆవిడ నిరుడు కాలం చేశారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఈమధ్య వచ్చి, 6,500 ఉన్న అద్దెను 11,000 చేస్తున్నానని, మూడు నెలల అడ్వాన్సు కూడా ఇవ్వాలని, 2027 పుష్కరాలు అయ్యాక ఇంటిని బిల్డరుకు ఇచ్చే ఆలోచన ఉందని చెప్పి వెళ్లారు. ఇన్నేళ్లలో అద్దె కాగితమన్నది ఎప్పుడూ రాసుకోలేదు.

చుట్టూ ఉన్న పెంకుటిళ్లు ఒక్కొక్కటే పడిపోయి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. ఖాతా పుస్తకంలో రాసుకుని సరుకులిచ్చే కిరాణా కొట్టు మూతపడి, ఆ చోట సూపర్‌మార్కెట్ వచ్చింది. అక్కడ అప్పు పుట్టదు కనుక నెలాఖరు గడవడానికి ఆమె వారం వారం వాయిదా కట్టే ఫైనాన్స్‌లో 20,000 తీసుకున్నారు. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి కొత్త అపార్ట్‌మెంటుకు వెళ్తే వాచ్‌మన్ రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, వచ్చిన పని రాయమంటున్నాడు. 19 ఏళ్లుగా నడిచిన వీధిలో ‘ఎవరి కోసం వచ్చావ’ని అడిగించుకోవడం అద్దె పెరగడం కంటే ఎక్కువ బాధించిందని ఆమె రాశారు. భర్త ధవళేశ్వరం వైపు వెళ్దామంటున్నారు. రావులపాలెం దగ్గరి సొంతూరికి వచ్చేయమని, ఉమ్మడి ఇంట్లో వాటా ఉందని బావగారు అంటున్నారు. అప్పు చేసి ఫ్లాటు కొనుక్కుందామని కూతురు అంటోంది. పన్నెండేళ్లు దాటితే ఇల్లు మీదే, కదలొద్దని పక్క వీధి పెద్దమనిషి ఒకరు చెప్పారు. మార్కండేయస్వామి గుడిని, కార్తీక స్నానాన్ని వదిలి రానని అత్తగారు పట్టుబట్టారు. ఉత్తరం చివర ఆమె అడిగిన ప్రశ్న ఇది: ‘ఇద్దరం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నా పేటలో నిలబడలేకపోతున్నాం. ఇది మా చేతకానితనమా?’

సమాధానం:

అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ దిగులు మనసులో పెట్టుకుని తీసుకునే ఏ నిర్ణయమూ సవ్యంగా ఉండదు. ఇది మీ చేతకానితనం కాదు. మీ వాటాలో గోడలు, పైకప్పు, నీళ్ల కుళాయి నిరుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ధర పెరిగింది వాటి కింద ఉన్న నేలకు. గజం ధర పెరిగిన చోట యజమాని తన పెంకుటింటి అద్దెను పక్కింటి అద్దెతో పోల్చుకోవడం మానేసి, అదే స్థలాన్ని బిల్డరుకు ఇస్తే తన వాటాకు ఎన్ని ఫ్లాట్లు వస్తాయన్న లెక్కతో పోల్చుకోవడం మొదలుపెడతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు తూర్పుగోదావరి జిల్లా కేంద్రం కాకినాడ నుంచి మీ ఊరికి మారింది. డెల్టా గ్రామాల నుంచి పిల్లల చదువుల కోసం, వైద్యం కోసం వచ్చి స్థిరపడే కుటుంబాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. గుమాస్తా జీతమూ జాకెట్టు కుట్టుకూలీ ఈ వేగంతో పెరగవు, ఎంత కష్టపడినా పెరగవు. ఆ తేడాను మీ కుటుంబం లోపంగా లెక్క వేసుకోకండి.

ఇక పన్నెండేళ్ల మాట. ఆ పెద్దమనిషి మీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు గాని, దాన్ని నమ్ముకుంటే మీరు నష్టపోతారు. యజమాని హక్కును కాదని, బాహాటంగా, పన్నెండేళ్ల పాటు స్థలాన్ని అనుభవించిన వారి గురించి చట్టంలో ఉన్న నియమం అది. మీరు ప్రతి నెలా అద్దె ఇస్తూ, పిన్నిగారి అనుమతితో ఉన్నారు. అద్దెదారుగా ఉన్నంతకాలం 19 ఏళ్లయినా 40 ఏళ్లయినా ఆ ఇల్లు మీది కాదు. ఆ మాట ఒక్కసారి మీ నోట వస్తే ఆ అబ్బాయికి మీ మీద ఉన్న కాస్త గౌరవమూ పోయి, రేపే లాయరు నోటీసు వస్తుంది. పైగా మీ ఉత్తరం చదివితే, పిన్నిగారి ఇంటిని దక్కించుకోవాలన్న ఆలోచన మీకు లేదని తెలుస్తూనే ఉంది.

అయితే మీకు ఏ హక్కూ లేదనుకోవడం కూడా పొరపాటే. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరైనా మీ సామాను బయట పెట్టినా, ఇంటికి తాళం వేసినా, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి ప్రవేశించవచ్చు. కాగితం లేని నెలవారీ అద్దె విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ 15 రోజుల నోటీసు ఇవ్వాలంటుంది. పదిహేను రోజులంటే కూతురి కాలేజీ, అత్తగారి మందులు, మీ మిషను అన్నీ సర్దుకోవడానికి ఎంత తక్కువ సమయమో చెప్పనక్కరలేదు. కానీ ఇద్దరూ ఒప్పందంలో మూడు నెలల నోటీసు అని రాసుకుంటే ఆ మాటే చెల్లుతుంది. ఈ విషయాలు ఒక లాయరుకు చూపించి రూఢి చేసుకోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది కాబట్టి, మీ ఊళ్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగడానికి మీకు పైసా ఖర్చు కాదు.

మీ ఉత్తరమంతా 11,000 ఇవ్వగలమా లేదా అన్నదాని చుట్టూ తిరిగింది. నా దృష్టిలో అంతకు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ ఇల్లు ఇంకా ఎంతకాలం నిలబడి ఉంటుంది? పుష్కరాల తర్వాత కూల్చే ఇంటికి ఇప్పుడు ఒకటిన్నర రెట్లకు పైగా అద్దె, 33,000 అడ్వాన్సు ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ ఇల్లు వెతుక్కుని మరో అడ్వాన్సు కట్టడం మీ శక్తికి మించిన పని. అదే ఇల్లు మరో మూడేళ్లు ఉంటుందని తెలిస్తే లెక్క మారిపోతుంది. అందుకని అద్దె బేరం మొదలుపెట్టక ముందే, బిల్డరుతో ఒప్పందం కుదిరిందా, ఇంకా మాటల్లోనే ఉందా అని సూటిగా అడగండి. పిన్నిగారికి వేరే వారసులు ఉంటే వారి సంతకాలూ కావాలి గనుక ఇలాంటి ఒప్పందాలు అనుకున్న రోజుకు తెమలకపోవడం సాధారణం. ఈ అనిశ్చితి మిమ్మల్ని ఎంత ఇబ్బంది పెడుతోందో ఆయన్నీ అంతే ఇబ్బంది పెడుతుంది: కూల్చబోయే ఇంట్లోకి 11,000 ఇచ్చి కొత్తవాళ్లు రావడం కష్టం, వచ్చినా అడగగానే ఖాళీ చేస్తారన్న భరోసా ఆయనకు ఉండదు. 19 ఏళ్లుగా అద్దె తప్పని మీరు, అనుకున్న గడువుకు ఖాళీ చేస్తామని రాసిస్తే, దానికి ఆయన దగ్గర విలువ ఉంది. 9,000 అద్దె, రెండు నెలల అడ్వాన్సు, మూడు నెలల నోటీసు, కూతురి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు అయ్యేదాకా కదిలించకపోవడం: ఈ నాలుగూ కలిపి ఒకే మాటగా అడగండి. పదకొండు నెలల ఒప్పందాన్ని చాలామంది రిజిస్టరు చేయకుండానే రాసుకుంటారు, అయితే మన రాష్ట్రంలో దానికీ రిజిస్ట్రేషన్ కావాలేమో లాయరును అడగండి. ఏడాది దాటిన లీజుకైతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అది తప్పనిసరి. రిజిస్టరు చేస్తే మీకు ధైర్యం ఎక్కువ, ఖర్చూ ఎక్కువే, బిల్డరు కోసం చూస్తున్న యజమాని దానికి వెనకాడతారు కూడా. ఆయన వెనకాడితే పదకొండు నెలల కాగితంతోనే సరిపెట్టుకోండి. కాగితం లేకుండా మాత్రం అడ్వాన్సు చేతిలో పెట్టకండి.

మాటల సందర్భంలో కరెంటు సంగతీ తేల్చుకోండి. రెండు వాటాలకూ ఒకే మీటరని, యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేస్తున్నారని రాశారు. 2022–23 టారిఫ్‌లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. మీరు 150 యూనిట్లు వాడితే సొంత మీటరు మీద కరెంటు చార్జీ 567 రూపాయలు అవుతుంది, స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దానికి అదనం. మీరిప్పుడు కడుతున్నది 1,500. రెండు వాటాలూ ఒకే మీటరు మీద ఉండటం వల్ల పై స్లాబులోకి వెళ్లి బిల్లు పెరుగుతుందన్నది నిజమే, అయినా 300 యూనిట్ల మొత్తానికి చార్జీ 1,673 రూపాయలే. వేరే మీటరుకు ఒప్పుకోమనండి, అది కుదరకపోతే అసలు బిల్లు చూసి సగం సగం పంచుకుందామనండి. ఒప్పుకుంటే నెలకు ఐదారు వందలకు పైనే మిగులుతుంది.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మీ జాకెట్టు ధరతో ముడిపడి ఉంది. ఆ అరుగు మీకు ఇల్లే కాదు, దుకాణం కూడా. కొలత జాకెట్టు పట్టుకుని చెప్పులు విడిచి అరుగెక్కే ఆడవాళ్లందరూ నడిచి వచ్చేవాళ్లే. మీరు కట్టే అద్దెలో కొంత భాగం ఆ నడక దూరానికి కడుతున్నట్టే లెక్క. నూలు, హుక్కులు, కరెంటు ఇన్నేళ్లలో ఎంత పెరిగినా మీరు కుట్టుకూలీ పెంచకపోవడానికి కారణం మొహమాటమని నాకు అనిపిస్తోంది. పిన్నిగారు మీ పట్ల చూపిన ఉదారతనే మీరు మీ ఖాతాదారుల పట్ల చూపుతూ వచ్చారు. అది మంచితనమే. కానీ ఆవిడ వైపు నుంచి వచ్చే ఆసరా ఆగిపోయాక ఇటువైపు మాత్రం అదే ధరకు కుడుతూ పోతే ఆ భారమంతా మీ వెన్ను మీద పడుతుంది.

లైనింగ్ జాకెట్టుకు 280 చేశారనుకోండి. పదిమంది మానేసినా 40 జాకెట్లకు 11,200 వస్తుంది, ఇప్పుడొచ్చే 10,000 కంటే ఎక్కువే, పని పది జాకెట్లు తగ్గుతుంది. ఎవరూ మానకపోతే 14,000. ఒక్కసారిగా 80 రూపాయలు పెంచడం ఇష్టం లేకపోతే, పాతవాళ్లకు శ్రావణమాసం దాకా 240, ఆ తర్వాత 280 అని ముందే చెప్పండి. వరలక్ష్మీ వ్రతం హడావిడిలో ధర మారిస్తే అవకాశం చూసి పెంచావంటారు, కాబట్టి నెల ముందే చెప్పడం మర్యాద. కొత్త అపార్ట్‌మెంట్లలో వాళ్లకు మొదటి నుంచే 300 చెప్పవచ్చు. వాచ్‌మన్ రిజిస్టరు మీ మనసును కష్టపెట్టిన మాట నిజమే, ఎవరినైనా కష్టపెడుతుంది. అయినా ఆ గేటు లోపల ఉన్నవాళ్లలో చాలామందికి ఫాల్ కుట్టేవాళ్లు, పికో చేసేవాళ్లు, కొన్న కుర్తీని సైజుకు తగ్గించేవాళ్లు దగ్గరలో ఎవరూ తెలియదు. ఇప్పటికే మీ దగ్గర కుట్టించుకునే ఒకరిద్దరిని, వాళ్ల అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మీ నంబరు పెట్టమని అడగండి. వాళ్లు గడువు విషయంలో పట్టుదలగా ఉంటారు, ఇచ్చిన రోజుకు ఇవ్వకపోతే రెండోసారి రారు, కొందరు బొటిక్‌లో చూసిన డిజైన్ కావాలంటారు. ఆ ఒత్తిడి మీకు నచ్చకపోతే ఆల్టరేషన్ల వరకే పెట్టుకోండి, తప్పేమీ లేదు.

ఈ లెక్కతో చూస్తే, 9,000 అద్దెకు ఒప్పుకుంటే మీరు ఆ పేటలో ఇంకొంతకాలం నిలదొక్కుకోగలరు. 11,000కు తగ్గనంటే మాత్రం నెలనెలా అప్పు తప్పదు, అప్పుడు కదలడమే మేలు. ధవళేశ్వరంలో 6,000కు ఇల్లు దొరుకుతుందని మీవారు చెబుతున్నారు. తండ్రీ కూతుళ్లిద్దరికీ షేర్ ఆటో రాకపోకలకు రోజుకు 80 రూపాయలనుకుంటే నెలకు 2,000 పోతుంది. 9,000 అద్దెతో పోలిస్తే మిగిలేది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి కోసం నడిచి వచ్చే ఖాతాదారులను పోగొట్టుకోవాలా అన్నది ఆలోచించండి. 11,000తో పోలిస్తే మిగిలేది మూడు వేలు, అప్పుడది ఆలోచించదగ్గ మొత్తమే. వెళ్లాల్సి వస్తే, పాత పేటలోనే ఎవరి ఇంటి ముందు గదినో, వాడని అరుగునో చిన్న అద్దెకు తీసుకుని వారంలో మూడు రోజులు అక్కడ కూర్చోగలరేమో చూడండి. పాత కుట్టు అంతా అక్కడ తీసుకుని, ఇంటి దగ్గర కుట్టవచ్చు. ఇందులో మీ ప్రయాణ శ్రమ పెరుగుతుంది, వంటపని ఎవరు చూస్తారన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

సొంతూరి సంగతి వేరు. అద్దె ఉండదు, కానీ అక్కడ కుట్టుకూలీ తక్కువ, కొత్తగా పేరు తెచ్చుకోవాలి, మీవారు రోజూ గంటకు పైగా ప్రయాణం చేసి రావాలి, కూతురు మధ్యలో కాలేజీ మారాలి. ఇప్పటికైతే నేను దాన్ని మంచి మార్గమనుకోను. అమ్మాయి ఇంటర్ అయ్యాక, మీవారి ఉద్యోగం ఎలా ఉందో చూసి మళ్లీ ఆలోచించవచ్చు. అయితే వెళ్లినా వెళ్లకపోయినా ఉమ్మడి ఇంట్లో మీ వాటా ఎంతో కాగితం మీద తేల్చుకోవడం మంచిది. బావగారు ప్రేమతో పిలుస్తున్నప్పుడే అది సులువు, పిల్లల పెళ్లిళ్ల దాకా ఆగితే కష్టం.

ఫ్లాటు గురించి అమ్మాయికి కూర్చోబెట్టి లెక్క చూపించండి. 20 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్ల గడువుతో, నెల వాయిదా సుమారు 17,350 రూపాయలు. వాళ్ల నాన్న జీతం మొత్తం దాదాపు అంతే. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో వడ్డీ రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షల వరకు ఉంది, కానీ దేశంలో ఎక్కడా కుటుంబానికి పక్కా ఇల్లు ఉండకూడదన్నది దాని నిబంధన. ఊళ్లో వాటా మీవారి పేరు మీదకు వస్తే ఆ అర్హతకు అడ్డు రావచ్చు. కాబట్టి వాటా కాగితం రాయించుకునే ముందే వార్డు సచివాలయంలో ఈ సంగతి కనుక్కోండి.

అన్నిటికంటే త్వరగా వదిలించుకోవలసింది ఆ వారపు ఫైనాన్స్. కిరాణా కొట్టు మూతపడటం వల్ల మీకు పోయినది సరుకుల ధరలో తేడా కంటే పెద్దది. వడ్డీ లేకుండా నెలాఖరు దాటించే ఆసరా పోయింది, దాని స్థానంలో వడ్డీకి అప్పు వచ్చింది. బియ్యం, పప్పు, నూనె జీతం వచ్చిన వారంలోనే నెలకు సరిపడా తెచ్చుకుని, కూరగాయలు రైతు బజారులో కొనుక్కుంటే నెలాఖరు ఇరకాటం కొంత తగ్గుతుంది. మీ వార్డులోని పొదుపు సంఘంలో చేరండి. 2023లో కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000, తొలి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి. నమోదు తెరిచి ఉందేమో దగ్గరి కామన్ సర్వీస్ సెంటరు (సీఎస్‌సీ)లో అడగండి. ముద్ర రుణం తీసుకుని తీర్చకుండా ఉన్నవారికి ఇది వర్తించదు కాబట్టి ఏది ముందన్నది చూసుకోండి. ఆ రుణాన్ని జిగ్‌జాగ్ మిషను వంటి సంపాదన పెంచే వస్తువుకు వాడండి, పాత వాయిదాలు తీర్చడానికి వాడకండి. పాత వాయిదాలు మీరు పెంచబోయే కుట్టుకూలీలోంచే తీరాలి.

అత్తగారి పట్టుదలను అడ్డంకిగా చూడకండి. ఆవిడ వయసులో గుడీ, రేవూ, పలకరించే నలుగురూ దూరమైతే మనిషి కుంగిపోతుంది. ధవళేశ్వరం వెళ్లాల్సి వస్తే ముందుగా ఆవిడను ఒక ఉదయం రామపాదాల రేవుకు తీసుకెళ్లి, ఆ చుట్టుపక్కలే ఇల్లు చూడండి. ఆవిడ నడిచి వెళ్లగలిగే దూరంలో గోదావరి ఉంటే రావడానికి ఒప్పుకోవచ్చు.

వచ్చే ఆదివారం యజమాని ఫోన్ చేస్తానన్నారని, మీవారు మాట్లాడలేక ఫోను మీకే ఇస్తారని రాశారు. మంచిదే, మీరే మాట్లాడండి. ఆయన మిమ్మల్ని చిన్నప్పటి నుంచి అక్కా అనే పిలుస్తున్నారు గనుక, ఆ పిలుపుతోనే మొదలుపెట్టి, ఇలా అడగవచ్చు: ‘బాబూ, ఇల్లు ఎప్పుడు కావాలో తేదీ చెప్పు, ఆ తేదీకి ఖాళీ చేస్తామని రాసిస్తాం. అప్పటిదాకా తొమ్మిది వేలకు ఉండనివ్వు, ఆ మాట నువ్వూ కాగితం మీద పెట్టు.’ ఆయన వెంటనే ఔనన్నా కాదన్నా మీరు అక్కడికక్కడే ఒప్పుకోకండి. రెండు రోజుల గడువు అడిగి, ఈలోగా న్యాయ సేవాధికార సంస్థకు ఒకసారి వెళ్లి, ధవళేశ్వరంలో రెండు మూడు ఇళ్లు చూసి రండి.